సరిగ్గా సగం దగ్గరే: ఎనిమిదేళ్లకు పైగా వాడిన డీవీడీ రైటర్, డ్యూయల్ లేయర్ డిస్కులు

నలభై తొమ్మిది శాతం, యాభై శాతం, అంతే. డ్రైవు మీద లైటు ఆరుతుంది, లోపల టక్కుమని చిన్న చప్పుడు, కాసేపటికి తెరమీద రైట్ ఎర్రర్. నూటపాతిక పెట్టి కొన్న డిస్కు ఇక దేనికీ పనికిరాదు. ఈ డ్రైవుతో మొదటి ఏడాది నేను పడ్డ అవస్థంతా ఆ యాభై శాతం దగ్గరే. మామూలు 4.7 జీబీ డిస్కులు ఒక్కటంటే ఒక్కటి పోలేదు. అందుకే కొన్న కొత్తలో అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ ఇదే కొనుక్కోమని చెప్పాను. ఆ మాట వెనక్కి తీసుకోను. కాకపోతే అప్పటికి ఒక్క డ్యూయల్ లేయర్ డిస్కు (రెండు పొరల్లో రాసే 8.5 జీబీ డిస్కు) కూడా దీంట్లో రాసి చూడలేదని ఇప్పుడు చెప్పడం న్యాయం.

కంపెనీ పేరు రాయడం లేదు. ఆ మోడల్ ఇప్పుడు అంగళ్లలో లేదు, పైగా జరిగినదాంట్లో తప్పు డ్రైవుది కాదని తర్వాత తేలింది. ల్యాప్‌టాప్ పక్కన పెట్టుకుని యూఎస్‌బీతో నడిపే సన్న డ్రైవు అనుకోండి చాలు.

మాది చెన్నైలో సైదాపేట, కింది వాటా. 2015 డిసెంబరులో అడయార్ నది నీళ్లు ఇంట్లోకి వచ్చినప్పుడు కంప్యూటరు, అందులో ఉన్న పాత రైటరు మునిగిపోయాయి. అటక మీద అట్టపెట్టెల్లో ఉన్న వీడియో క్యాసెట్లు మాత్రం తడవలేదు. రెండు రోజులు మేడ మీద వాళ్ల ఇంట్లో కూర్చుని నేను తలుచుకున్నది ఆ పెట్టెల గురించే. అమ్మ వైపు, నాన్న వైపు పెళ్లిళ్లు, మా తాత షష్టిపూర్తి, అన్నీ అందులోనే ఉన్నాయి. జనవరిలో ఎలక్ట్రానిక్ సామాన్లు అమ్మే రిచీ స్ట్రీట్‌కి వెళ్లి ఈ డ్రైవు కొన్నాను.

డ్యూయల్ లేయరే ఎందుకంటే, మన పెళ్లి క్యాసెట్లు ఎక్కువగా మూడు గంటలవి. ఒక మూడు గంటల క్యాసెట్‌ని 4.7 జీబీ డిస్కులో కుక్కితే సెకనుకు మూడున్నర మెగాబిట్లకు మించి రాదు. పాత క్యాసెట్ బొమ్మలో గరుకు ఎక్కువ, ఆ గరుకంతా డీవీడీ కోసం వీడియోని కుదించే ఎంపెగ్-2 చేతిలో గళ్లుగళ్లుగా విడిపోతుంది. పట్టుచీర అంచు గళ్లు, పూలజడ గళ్లు, ముఖాలూ గళ్లే. 8.5 జీబీ డిస్కులో అదే మూడు గంటలు దాదాపు ఆరు మెగాబిట్లతో కూర్చుంటాయి, క్యాసెట్‌లో ఎలా ఉందో అలాగే కనబడుతుంది. పెళ్లి మధ్యలో లేచి రెండో డిస్కు వేసే పని కూడా ఉండదు. మా నెల్లూరు పెద్దమ్మకి మోకాళ్ల నొప్పులు, ఆవిడకి అది చిన్న సంగతి కాదు.

మొదటి పది డిస్కుల డబ్బాలో నాలుగు పోయాయి, నాలుగూ సగం దగ్గరే. రాయడానికి నేను వాడేది ఇమ్‌గ్‌బర్న్ అనే ప్రోగ్రాము. 2013లో వచ్చిన 2.5.8.0 తర్వాత దానికి కొత్త వెర్షన్ రాలేదు, అయినా ఈ పనికి ఇంతకంటే మంచిది నాకు దొరకలేదు. ఏం జరిగిందో లాగ్‌లో, అంటే అది రాసిపెట్టే చిట్టాలో, దాచకుండా చెబుతుంది. చాలా రోజులు నేను ఆ లాగ్ చదవకుండానే డిస్కుల్ని తిట్టుకున్నాను. చదివాక ఒక సంగతి కనబడింది. వీడియో కాకుండా మామూలు ఫైళ్లతో నింపిన డిస్కు ఒకటి సరిగ్గా 2086912వ సెక్టరు దగ్గర పోయింది (సెక్టరంటే డిస్కు మీద రాసే చిన్న ముక్క). నేను వాడే డీవీడీ ప్లస్ ఆర్ (DVD+R) రకం డ్యూయల్ లేయర్ డిస్కులో మొత్తం సెక్టర్లు 4173824. అందులో సగం ఈ సంఖ్య. అంటే మొదటి లేయర్ చివరిదాకా శుభ్రంగా రాసింది, రెండో లేయర్‌లో మొదటి అడుగే పడలేదు. పెళ్లి వీడియో డిస్కుల లాగ్‌లు తీసి చూస్తే వాటిలోనూ అంతే, లేయర్ ఎక్కడ మారిందో అక్కడే చావు.

లేయర్ మారేటప్పుడు డ్రైవు చేసే పని తక్కువేం కాదు. మొదటి లేయర్‌ని లోపలి నుంచి బయటి అంచు దాకా రాస్తుంది. అక్కడ ఆగి, సుమారు 55 మైక్రాన్లు వెనక ఉన్న రెండో లేయర్ మీదికి లేజర్ చూపు మార్చుకుని, ఎంత పవర్ పెట్టాలో చూసుకుని, బయటి అంచు నుంచి లోపలికి వెనక్కి రాసుకుంటూ వస్తుంది. అదీ మొదటి లేయర్‌లోంచి దూరిపోతూ రాయాలి. ఇంత తెలిసిన తర్వాత కూడా డ్రైవు లెన్సు పాడయిందనే నేను తేల్చుకున్నాను. కొత్తది కొందామని పాతదాన్ని, దాని వైరుతో సహా సంచిలో వేసుకుని మళ్లీ రిచీ స్ట్రీట్‌కి వెళ్లాను.

అంగట్లో ఉన్నతను తిరుత్తణి వైపు అబ్బాయి, ఇంట్లో తెలుగే. డ్రైవు కంటే ముందు వైరు చేతిలోకి తీసుకున్నాడు.

“ఈ రెండో పిన్నుకి రబ్బరుబ్యాండు వేసి కట్టేసినారే సార్, ఎందుకు?”

“ఒకటి పెడితేనే నడుస్తోంది కదా అని.”

“చదివేదానికి నడుస్తాది సార్. రాసేదానికి చాలదు. హబ్బు వాడతారా?”

వాడతానన్నాను. ల్యాప్‌టాప్‌కి ఉన్నవి రెండే పోర్టులు. మౌసు, క్యాసెట్ బొమ్మ ఎక్కించుకున్న హార్డ్ డిస్కు, ఈ డ్రైవు, మూడూ ఒకే హబ్బుకి తగిలించి ఉండేవి.

“కొత్తది ఇప్పుడు అమ్మను సార్. ఇంటికి పోయి హబ్బు తీసేయండి. రెండు పిన్నులూ నేరుగా ల్యాప్‌టాప్‌కే పెట్టండి. అప్పటికీ పోతే రండి, ఇస్తాను.”

యూఎస్‌బీ 2.0 పోర్టు లెక్క ప్రకారం ఇచ్చేది 500 మిల్లీయాంపియర్లు. అడాప్టరు లేని హబ్బు అయితే దానికి తగిలించిన వాటన్నిటికీ ఆ కాస్తలోంచే పంచాలి. వైరుకి రెండు తలలు ఉన్నది అందుకే, రెండోది కరెంటు కోసం. డ్రైవుతో పాటు డబ్బాలో వచ్చిన వైరే అది, మొదటి రోజే నేను కట్టేసి పక్కన పెట్టాను.

ఆ రాత్రి మౌసు కూడా తీసేసి, ఫైళ్లన్నీ ల్యాప్‌టాప్ సొంత డిస్కులోకి ఎక్కించి, రెండు పిన్నులూ పెట్టి, 4ఎక్స్‌లో మొదలుపెట్టాను. ఆ వేగంలో నిండు డిస్కు రాయడానికి ఇరవై ఆరు, ఇరవై ఏడు నిమిషాలు పడుతుంది. యాభై శాతం దగ్గర లైటు ఆరింది, టక్కుమంది. నా గుండె కూడా ఒక్క క్షణం ఆగింది. నాలుగైదు సెకన్ల తర్వాత మళ్లీ గిర్రుమని తిరగడం మొదలైంది. యాభై ఒకటి. ఆ అంకె చూసినప్పుడు కలిగిన సంతోషం ఇన్నేళ్లయినా నాకు గుర్తుంది. ఆ వారంలో ఐదు డిస్కులు రాశాను, ఒక్కటీ పోలేదు. కొత్త డ్రైవు అమ్ముకునే అవకాశం వదులుకుని, ఉన్నదాన్ని సరిగ్గా వాడుకోమని చెప్పి పంపిన ఆ అబ్బాయి మేలు మరిచిపోలేను.

దాంతో అంతా సర్దుకుందని మాత్రం చెప్పను. తర్వాత చవగ్గా దొరికాయని వేరే డబ్బా ఒకటి కొన్నాను. అవి రాయడం పూర్తయ్యేవి, వెరిఫై దగ్గర, అంటే రాసినదాన్ని తిరిగి చదివి సరిచూసే దగ్గర, పడిపోయేవి. అదీ లేయర్ మారే చోటికి కాస్త అటూఇటూనే. డిస్కు బయటి అంచు ఎప్పుడూ కాస్త బలహీనం, నిండా నింపితే లేయర్ మారేదీ ఆ అంచు దగ్గరే. ఇక్కడ కరెంటు తప్పేం లేదు, డిస్కే నాసిరకం. అప్పటినుంచి డిస్కు పెట్టగానే ఇమ్‌గ్‌బర్న్‌లో కుడివైపు కనిపించే మీడియా కోడ్ చూస్తున్నాను. డబ్బా మీద ఏ పేరున్నా లోపల అసలు తయారీ ఎవరిదో ఆ కోడే చెబుతుంది. నాకు బాగా కుదిరినవి ఎంకేఎం 003 కోడ్ ఉన్న వెర్బటిమ్ 8ఎక్స్ డిస్కులు. ఎంత నెమ్మదిగా రాస్తే అంత మంచిదని చాలామంది అంటారు, నేనూ నమ్మాను. ఈ డ్రైవులో ఆ డిస్కులు 2.4ఎక్స్ కంటే 4ఎక్స్‌లోనే శుభ్రంగా వచ్చాయి. మీ డ్రైవు సంగతి మీరే ఒక డిస్కు ఖర్చుపెట్టి చూసుకోవాలి. ఇంకొకటి, వెరిఫై మానకండి. నేను ఒకసారి తొందరలో మానేసి నెల్లూరు పంపాను, దాని ఫలితం పెద్దమ్మ ఫోనులో విన్నాను.

ఆవిడ దగ్గర్నుంచి ఇంకో ఫోను కూడా వచ్చింది, అది చెడిన డిస్కు గురించి కాదు, బాగున్న డిస్కు గురించే. పెద్దమ్మ కూతురి పెళ్లి, 1994 నాటి క్యాసెట్. పెదనాన్న పోయి అప్పటికి నాలుగేళ్లు. ఆయన నడుస్తూ మాట్లాడుతూ కనిపించేది మా అందరికీ ఆ ఒక్క క్యాసెట్‌లోనే.

“అబ్బయా, మీ పెదనాన్న అల్లుడి కాళ్లు కడగతా చెంబు పట్టుకోని అట్టనే నిలబడి పోతన్నాడురా. ఎన్ని మాట్లు ఏసినా ఆణ్నే. ఆ తరవాత ఒక్క దూకు దూకి జీలకర్రా బెల్లం కాడికి పోతంది.”

మధ్యలో కన్యాదానం పోయింది. ల్యాప్‌టాప్‌లో అదే కాపీ వేసి చూస్తే ఏమీ ఆగలేదు. పెద్దమ్మ ప్లేయరు పాతది, లేయర్ మారే చోట తడుముకుంటుంది. ఆ చోటు వెతికే పని నేను ప్రోగ్రాముకి వదిలేశాను, అది తెచ్చి పెదనాన్న చేతిలో చెంబు మీద పెట్టింది.

ఇమ్‌గ్‌బర్న్‌లో ఆ చోటు మనమే ఎంచుకోవచ్చు. వీడియో డిస్కు రాసేముందు లేయర్ ఎక్కడ మారవచ్చో ఒక జాబితా చూపిస్తుంది, ఒక్కోదాని బొమ్మ కూడా చూడవచ్చు. కాకపోతే అది ఎక్కడ పడితే అక్కడ కుదరదు. ఒక సెల్ మొదలయ్యే చోటే కావాలి, అంటే మన లెక్కలో చాప్టరు. మొదటి లేయర్‌లో ఉన్నది రెండోదానికంటే తక్కువ కాకూడదు, 4.27 జీబీకి మించనూ కూడదు. నా పెళ్లి మొత్తం 7.9 జీబీ. సగం 3.95. కాబట్టి 3.95కీ 4.27కీ మధ్య నాకు దొరికిన సందు ఏడు నిమిషాల కంటే కాస్త ఎక్కువ. డిస్కు నిండా నింపి ఉంటే ఆ సందే ఉండదు. ఇది తెలిశాక 8.5 జీబీ మొత్తం వాడుకోవాలనే ఆశ వదులుకున్నాను. కాస్త ఖాళీ వదిలితే బయటి అంచు బెడద కూడా తగ్గుతుంది.

ఆ ఏడు నిమిషాలూ పది సార్లు చూశాను. పెళ్లిలో వదులుకోదగ్గ క్షణం ఏదో వెతకడం ఎంత కష్టమో అప్పుడే తెలిసింది. జీలకర్ర బెల్లం అయ్యాక వీడియో అతను కెమెరాని మేళం వైపు తిప్పాడు, సన్నాయి ఆయన బుగ్గలు ఉబ్బించి ఊదుతున్నాడు. ఒక చాప్టరు సరిగ్గా అక్కడ పెట్టి, డిస్కు మళ్లీ తయారుచేసి, లేయర్ మార్పు దాని మీద వేశాను. అది పట్టుకుని పినాకినీ ఎక్స్‌ప్రెస్‌లో నేనే నెల్లూరు వెళ్లాను. పెద్దమ్మ పక్కన కూర్చుని చూశాం. పెదనాన్న కాళ్లు కడిగాడు, కన్యాదానం చేశాడు, కండువాతో కళ్లు తుడుచుకున్నాడు. సన్నాయి ఒక్క క్షణం ఆగి మళ్లీ మోగింది. పెద్దమ్మ అది గమనించనేలేదు.

అంత పాత ప్లేయరు ఈ డిస్కుని అసలు చదవడానికి ఒక కారణం, నా డ్రైవు డ్యూయల్ లేయర్ ప్లస్ డిస్కుల బుక్ టైప్‌ని, అంటే ఇది ఏ రకం డిస్కో ప్లేయరుకి చెప్పే గుర్తుని, తనంతట తనే డీవీడీ రోమ్‌గా రాసేస్తుంది, ప్లేయరు దాన్ని అంగట్లో కొన్న సినిమా డిస్కు అనుకుంటుంది. మైనస్ ఆర్ (DVD-R) డిస్కుల్లో ఈ సౌకర్యం లేదు. అందుకే ప్లస్ ఆర్ మాత్రమే కొంటాను.

ఇప్పుడు డ్రైవు ముసలిదైంది. మామూలు డిస్కులు ఇప్పటికీ చక్కగా రాస్తుంది. డ్యూయల్ లేయర్‌లో మాత్రం గత ఏడాది రెండు పోయాయి, రెండు పిన్నులూ పెట్టే ఉన్నాయి, డిస్కులూ మంచివే. రాసేముందు ఓపీసీ, అంటే లేజర్ పవర్ ఎంత కావాలో సరిచూసుకోవడం, చేయించే సెట్టింగు పెట్టాక మూడోది వచ్చింది, నాలుగోది ఇంకా ప్రయత్నించలేదు. కాబట్టి “ఎనిమిదేళ్లు నడిచింది” అని నేను అన్నప్పుడు దాన్ని ఇలా పూర్తిగా అర్థం చేసుకోండి.

కొత్తగా ఎవరైనా డ్యూయల్ లేయర్ మొదలుపెట్టాలా అంటే, ఇంట్లో పెన్‌డ్రైవు పెట్టుకునే టీవీ ఉండి, చూసేవాళ్లకి రిమోటుతో ఫోల్డర్లు వెతకడం వస్తే అవసరం లేదనే చెబుతాను. నేను కూడా క్యాసెట్ల అసలు ఫైళ్లు రెండు హార్డ్ డిస్కుల్లో వేరువేరు ఇళ్లలో పెట్టాను, డిస్కునే నమ్ముకుని లేను. పెద్దమ్మలాగా డిస్కు పెట్టి ఒక్క బటను నొక్కడమే అలవాటైన పెద్దవాళ్లు ఉంటే మాత్రం దీనికి సాటి ఇంకోటి నాకు కనబడలేదు. బయటి డ్రైవు కొంటే వైరుకి రెండు తలలు ఉన్నాయో, అడాప్టరు పెట్టుకునే దారి ఉందో ముందు చూసి కొనండి.

అటక మీద ఇంకా మూడు క్యాసెట్లు ఉన్నాయి. డబ్బాలో ఎంకేఎం డిస్కులు ఐదు మిగిలాయి. వచ్చే నెల తాత షష్టిపూర్తి క్యాసెట్ మొదలుపెడుతున్నాను. సగం దగ్గర ఏం వస్తుందో ఇప్పటికే చూసి పెట్టుకున్నాను. భోజనాల పంక్తి.