షేర్డ్ హోస్టింగా, వీపీఎస్సా, మేనేజ్డా: దుకాణం సైటుకి ఏది మేలు?

ఈ నెల రోజుల్లో నలుగురు ఇదే అడిగారు. మంగళగిరి చీరలు అమ్మే అన్న ఒకరు, విజయవాడలో డయాగ్నస్టిక్ సెంటర్ వాళ్లు, తెనాలిలో కోచింగ్ సెంటర్ నడిపే మాస్టారు, ఆయన చెప్తే ఫోన్ చేసిన మరొకరు. "సైటు పెడదామనుకుంటున్నాం, ఏ హోస్టింగ్ తీసుకోమంటారు? యూట్యూబ్‌లో ఒక్కొక్కరు ఒక్కో పేరు చెప్తున్నారు." చిన్న వ్యాపారాలకు సైట్లు చేసి, వాటి మంచీచెడూ చూసుకోవడమే నా పని. నేను ఏ లెక్కన ఎంచుకుంటానో ఇక్కడ రాస్తున్నాను. హోస్టింగ్ అంటే మన సైటు ఉండటానికి ఎప్పుడూ నెట్‌లో ఉండే కంప్యూటర్‌లో, అంటే సర్వర్‌లో, చోటు అద్దెకు తీసుకోవడం. ఒక సర్వర్‌ని చాలా సైట్లు పంచుకుంటే షేర్డ్, అందులో మన వాటా విడదీసి దాని బాగోగులు మనకే వదిలేస్తే వీపీఎస్, సర్వర్‌తో పాటు సైటు సాఫ్ట్‌వేర్‌ని కూడా కంపెనీయే చూసుకుంటే మేనేజ్డ్.

ముందు యూట్యూబ్ సంగతి. వీడియో కింద ఇచ్చే లింకు నొక్కి కొంటే చాలాసార్లు చెప్పినవాళ్లకు కమీషన్ వస్తుంది. అందులో తప్పు లేదు. కానీ ఆ కంపెనీలో వాళ్లు సొంతంగా ఒక సైటు నడిపారా, అది పడిపోతే లేపారా అన్నది వీడియోలో కనపడదు. పైగా పేర్లు వేరైనా యజమాని ఒకరే కావచ్చు. బ్లూహోస్ట్, హోస్ట్‌గేటర్, బిగ్‌రాక్ మూడూ న్యూఫోల్డ్ డిజిటల్ అనే ఒకే సంస్థవి. ఒకదానితో విసిగి రెండోదానికి మారేముందు ఇది తెలిసి ఉండాలి.

ధర గురించి రెండే మాటలు. పెద్ద అక్షరాల్లో కనిపించే రేటు మొదటి విడతకే, అదీ మూడు నాలుగేళ్లకు ఒకేసారి కట్టేవాళ్లకు. రెన్యువల్‌కి వచ్చేసరికి రెట్టింపు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే అవుతుంది. దాని మీద 18 శాతం జీఎస్టీ. కాబట్టి రెన్యువల్ రేటు పక్కపక్కన పెట్టుకుని పోల్చండి, మొదటి రేటుని వదిలేయండి.

అప్‌టైమ్ (సైటు ఆగకుండా నడిచే సమయం) శాతాన్ని కూడా అందరూ పట్టి పట్టి చూస్తారు. 99.9 అంటే నెలకు దాదాపు 43 నిమిషాలు సైటు ఆగినా కంపెనీ మాట తప్పనట్టే లెక్క. అంతకు మించి ఆగితే ఇచ్చేది మీ నెల అద్దెలో కొంత భాగం, అదీ ఖాతాలో జమగా. ఆ గంటలో పోయిన ఆర్డర్ల డబ్బు ఎవరూ ఇవ్వరు. కొద్దో గొప్పో అందరి సర్వర్లూ ఆగుతాయి. నేను చూసేది ఒకటే: సైటు పడిపోతే ఎంతసేపట్లో, ఎంత పోగొట్టుకోకుండా, ఎవరి చేతుల మీదుగా లేస్తుంది?

ఇది నాకు నేర్పింది ఒక ఆవకాయ సీజన్. గుంటూరులో పచ్చళ్లు చేసి అమ్మే ఆవిడ ఉన్నారు, నేను పిన్నీ అని పిలుస్తాను. ఆవిడకు సగానికి పైగా ఆర్డర్లు అమెరికా నుంచే. మే నెలలో ఒక శనివారం రాత్రి తొమ్మిదిన్నరకు ఫోన్ చేశారు. డాలస్‌లో అప్పుడు పొద్దున పదకొండు, మనవాళ్లు తీరిగ్గా కూర్చుని కొత్తావకాయ బుక్ చేసుకునే వేళ.

"బాబూ, మా అక్క కూతురు ఫోన్ చేసింది. సైటు తెల్లగా వస్తోందట. నువ్వేమన్నా మార్చావా?"

"నేనేం ముట్టుకోలేదు పిన్నీ. ఒక్క పది నిమిషాలు ఆగండి, చూసి చెప్తాను."

పది నిమిషాల్లో అయ్యే పని కాదని హోస్టింగ్ కంపెనీ చాట్ తెరవగానే తెలిసింది. క్యూలో నలభై నిమిషాలు కూర్చోబెట్టి చివరికి ఇచ్చిన జవాబు: మా దగ్గరున్న బ్యాకప్ (సైటు కాపీ) సోమవారంది, రీస్టోర్‌కి (దాన్ని తిరిగి పెట్టడానికి) ఛార్జీ ఉంటుంది, చేయమంటారా?

ఆ మాట వినగానే చెమట పట్టింది. సోమవారం నాటి బ్యాకప్ పెడితే సైటు తెరుచుకుంటుంది, కానీ అది సోమవారం నాటి సైటు. మంగళవారం నుంచి వచ్చిన ఆర్డర్లన్నీ డేటాబేస్‌లో, అంటే సైటు వివరాలు దాచుకునే చోట, ఉన్నాయి. దాని మీద పాత డేటాబేస్ పెట్టేస్తే అవి చెరిగిపోతాయి. డబ్బు ఖాతాలో పడి ఉంటుంది. ఎవరు ఎన్ని కిలోల ఆవకాయ, ఎన్ని కిలోల గోంగూర, ఏ చిరునామాకి అడిగారో మాత్రం మెయిళ్లు ఒక్కొక్కటీ వెతికి కాగితం మీద రాసుకోవాలి. సీజన్ నడుమ అది జరిగే పని కాదు.

వద్దని చెప్పి సీప్యానెల్‌లోకి, అంటే హోస్టింగ్‌ని మనమే చూసుకునే పేజీలోకి, వెళ్లాను. తప్పులు నమోదయ్యే ఎర్రర్ లాగ్‌లో చివరి వరుసలో షిప్పింగ్ ఛార్జీలు లెక్కగట్టే ప్లగిన్ (సైటుకి తగిలించే చిన్న సాఫ్ట్‌వేర్) పేరుంది. ఆ సాయంత్రం దానంతట అదే అప్‌డేట్ అయింది. ఫైల్ మేనేజర్ తెరిచి, ప్లగిన్స్ ఫోల్డర్‌లో దాని పేరు చివర ఒక అక్షరం కలిపాను. ఫోల్డర్ పేరు మారితే సైటుని నడిపే సాఫ్ట్‌వేర్ వర్డ్‌ప్రెస్ దాన్ని పక్కన పెట్టేస్తుంది. సైటు తెరుచుకుంది. అవతల పిన్ని ఫోన్ పెట్టకుండా పక్క ఫోన్‌లో రిఫ్రెష్ కొడుతూనే ఉన్నారు. "వచ్చింది బాబూ, వచ్చింది!" అన్నప్పుడు టైమ్ పదకొండు కావస్తోంది. ఆ రాత్రికి షిప్పింగ్ అందరికీ ఒకే రేటు పెట్టి పడుకున్నాం.

ఆ రాత్రి మమ్మల్ని కాపాడింది ఎర్రర్ లాగ్, ఫైల్ మేనేజర్ నా చేతిలో ఉండటం. కంపెనీ బ్యాకప్ ఉండీ పనికి రాలేదు. అప్పటినుంచి ఏ హోస్టింగ్ కొనేముందైనా ఇవి అడుగుతున్నాను: బ్యాకప్ రోజూ తీస్తారా, వారానికోసారా? ఎన్ని రోజుల వెనక్కి వెళ్లొచ్చు? ఫైళ్లు వేరుగా, డేటాబేస్ వేరుగా రీస్టోర్ చేయొచ్చా? ఆ బటన్ నా దగ్గరుంటుందా, టికెట్ పెట్టి (కంపెనీకి రాసి అడిగి) ఎదురుచూడాలా? ఛార్జీ ఎంత? ఆ కాపీ ఉండేది అదే సర్వర్‌లోనా, వేరే చోటా?

చివరి ప్రశ్నను చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. 2021 మార్చి 10న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్‌క్లౌడ్ డేటా సెంటర్ అర్ధరాత్రి దాటాక అంటుకుంది. ఐదంతస్తుల భవనం పూర్తిగా కాలిపోయింది. లక్షల సైట్లు ఆగిపోయాయి. డబ్బు కట్టి బ్యాకప్ తీసుకున్నవాళ్లలో కొందరి కాపీలు కూడా అక్కడే ఉండి కాలిపోయాయి. తర్వాత కోర్టుకెక్కి నష్టపరిహారం గెలిచినవాళ్లు ఉన్నారు, కానీ పోయిన డేటా పోయినట్టే. అందుకే కంపెనీ ఎంత మంచిదైనా మన కాపీ ఒకటి బయట ఉండాలి. పిన్ని సైటుకి ఇప్పుడు రోజూ రాత్రి డేటాబేస్, వారానికోసారి ఫైళ్లు ఆవిడ సొంత గూగుల్ డ్రైవ్‌కి వెళ్తున్నాయి. అప్‌డ్రాఫ్ట్‌ప్లస్ ఉచిత ప్లగిన్ చాలు, ఒక గంట పని.

ఇక ఈ కొలతతోనే మూడింటినీ చూద్దాం.

షేర్డ్ హోస్టింగ్ అంటే చాలామందికి చిన్నచూపు. నాకు లేదు. సర్వర్ బాగోగులు, సెక్యూరిటీ ప్యాచ్‌లు (లోపాలు సరిచేసే అప్‌డేట్లు), ఎస్ఎస్ఎల్ (సైటుకీ చూసేవాళ్లకీ మధ్య సమాచారాన్ని గుప్తంగా ఉంచేది) అన్నీ కంపెనీయే చూసుకుంటుంది. సీప్యానెల్ లాంటిది ఉంటే ఆ రాత్రి నేను చేసిన పని ఇంకెవరైనా చేయగలరు, సైటు చేసిన మనిషే దొరకాలని లేదు. రోజువారీ బ్యాకప్, రీస్టోర్ బటన్ రెండూ ప్యానెల్‌లోనే ఇచ్చే కంపెనీలు ఉన్నాయి, కొంచెం ఎక్కువైనా వాటికే వెళ్లండి. దీని లోటు రద్దీ. "508 రిసోర్స్ లిమిట్" అన్న పేజీ నెలకు ఒకటి రెండుసార్లు కనపడుతోందంటే మీ వాటా చాలడం లేదని అర్థం. "అన్‌లిమిటెడ్" ప్లాన్‌లో కూడా ఫైళ్ల సంఖ్యకు, ప్రాసెసర్ వాడకానికి హద్దు ఉంటుంది. అది నిబంధనల పేజీలో రాసి ఉంటుంది, చదవండి. రోజుకి కొన్ని వందల మంది చూసే సైటుకి మాత్రం మంచి షేర్డ్ ప్లాన్ సరిపోతుంది.

వీపీఎస్ చవగ్గానే కనిపిస్తుంది. డిజిటల్‌ఓషన్ బెంగళూరు సెంటర్‌లో 1 జీబీ మెమరీది నెలకు 6 డాలర్లు. శక్తి ఎక్కువే. కానీ అక్కడ బ్యాకప్ మనం అడిగి పెట్టించుకోవాలి, వారానికోసారి తీసేదానికి సర్వర్ ధరలో 20 శాతం అదనం. ప్యాచ్‌లు, చొరబాట్లు ఆపే ఫైర్‌వాల్, లాగ్‌లు అన్నీ మన పనే. 1 జీబీ మెమరీ నిండిపోతే సిస్టమ్ ముందుగా డేటాబేస్‌నే ఆపేయొచ్చు. కస్టమర్‌కి "ఎర్రర్ ఎస్టాబ్లిషింగ్ ఏ డేటాబేస్ కనెక్షన్" అని ఒక వాక్యం మాత్రం కనిపిస్తుంది. చూసుకునే మనిషి ఉంటే వీపీఎస్ చాలా మంచిది. మన ఊళ్లలో జరిగేది వేరు. ఇంజనీరింగ్ చదివే అక్క కొడుకో, పక్కింటి అబ్బాయో ఇష్టంగా పెట్టిస్తాడు. రెండేళ్లకు ఉద్యోగమొచ్చి వెళ్లిపోతాడు. సర్వర్ తాళం అతని పాత ల్యాప్‌టాప్‌లో ఉండిపోతుంది. ఇలాంటివి మూడు చూశాను. అందులో ఒక దుకాణం సైటు మొదటినుంచి మళ్లీ కట్టాల్సి వచ్చింది. ఎనిమిదేళ్ల కస్టమర్ల వివరాలు పోయాయని ఆ యజమాని బాధపడుతుంటే ఏం చెప్పాలో నాకు తోచలేదు. అందుకే నెలవారీ డబ్బిచ్చి పెట్టుకున్న మనిషి లేకుండా వీపీఎస్ తీసుకోమని నేను ఎవరికీ చెప్పను.

మేనేజ్డ్ వర్డ్‌ప్రెస్ హోస్టింగ్ ఖరీదు. మంచి షేర్డ్ ప్లాన్‌కి మూడు నాలుగింతలు, ఇంకా పైనే ఉండొచ్చు. ఈమెయిల్ చాలాచోట్ల ఇవ్వరు, విడిగా కొనుక్కోవాలి. కానీ రోజూ బ్యాకప్, ఒక్క క్లిక్కుతో రీస్టోర్, అప్‌డేట్‌ని ముందు నకలు సైటులో వేసి చూసుకునే వీలు ఉంటాయి. పిన్నికి ఆ చివరిది ఉండి ఉంటే ఆ శనివారం రాత్రి టెన్షన్ ఉండేదే కాదు. అందుకే నా మాట ఇది: మొదట మంచి షేర్డ్, దానికి తోడు సొంత కాపీ. సైటు ఒక పూట ఆగితే పోయే డబ్బు మేనేజ్డ్ ప్లాన్ ఒక నెల ఖర్చుని దాటిన రోజున నేరుగా అక్కడికే వెళ్లండి, మధ్యలో వీపీఎస్ మెట్టు ఎక్కనక్కర్లేదు. డయాగ్నస్టిక్ సెంటర్ వాళ్లకు మొదటినుంచీ మేనేజ్డే చెప్పాను, వాళ్ల అపాయింట్‌మెంట్లన్నీ సైటు మీదే.

సర్వర్ ఇండియాలోనే ఉండాలా? కొనేవాళ్లు ఇక్కడివాళ్లైతే ముంబై, బెంగళూరు, హైదరాబాద్ ఏదైనా సరే. 2022 నవంబర్ నుంచి అమెజాన్ క్లౌడ్‌కి హైదరాబాద్‌లోనూ రీజియన్ (డేటా సెంటర్ల సముదాయం) ఉంది. ఆంధ్ర, తెలంగాణ కస్టమర్‌కి ముంబైకీ హైదరాబాద్‌కీ తేడా తెలియదు, అమెరికా సర్వర్ అయితే తెలుస్తుంది. పిన్ని సైటుని మాత్రం అమెరికాలోనే పెట్టాం, కొనేవాళ్లు అక్కడ ఉన్నారు కాబట్టి.

మిగతావి క్లుప్తంగా. ఆన్‌లైన్ దుకాణాన్ని అద్దెకిచ్చే షాపిఫైలో హోస్టింగ్ బెంగే ఉండదు, నెల నెలా అద్దె కట్టాలి, వదిలి వెళ్లేటప్పుడు సరుకుల జాబితా వస్తుంది కానీ కట్టిన దుకాణం రాదు. తెనాలి మాస్టారి లాంటి ఐదు పేజీల సైటుకి క్లౌడ్‌ఫ్లేర్ పేజెస్ అనే సేవలో ఉచితంగా పెట్టుకోవచ్చు. ఉచిత సైట్ బిల్డర్ల మీద వ్యాపారం ఆనుకోవద్దు. గూగుల్ బిజినెస్ ప్రొఫైల్‌తో ఉచితంగా వచ్చిన సైట్లు 2024 మార్చిలో మూతపడ్డాయి. విజిటింగ్ కార్డుల మీద ఆ చిరునామా అచ్చువేయించుకున్నవాళ్లు ఎందరో.

కొనేముందు ఒక పని చేయండి. రాత్రి పదకొండుకి ఆ కంపెనీ చాట్ తెరిచి నేను పైన రాసిన ప్రశ్నలు అడిగి, జవాబు స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. కొన్నాక డబ్బు వాపసు గడువులోనే, చాలాచోట్ల 30 రోజులుంటుంది, ఒక పేజీ పెట్టి, బ్యాకప్ తీసి, ఆ పేజీ చెరిపి, రీస్టోర్ చేసి చూడండి. ఎంతసేపు పట్టిందో రాసుకోండి.

మంగళగిరి అన్న ఇది నిజంగానే చేశారు. రెండు కంపెనీలకు ఒకే రాత్రి ఒకే ప్రశ్నలు పంపారు. ఒకరు ఆరు నిమిషాల్లో రోజూ తీస్తాం, నెల రోజులు ఉంచుతాం, బటన్ మీ ప్యానెల్‌లోనే ఉంటుంది అని రాశారు. రెండోవాళ్లు కొత్త ఆఫర్ లింకు పంపారు. ఆయన మొదటివాళ్ల దగ్గర షేర్డ్ ప్లాన్ ఒక్క ఏడాదికి తీసుకున్నారు. డొమైన్ (సైటు చిరునామా) మాత్రం ఇంకా పాత డెవలపర్ మెయిల్ మీదే ఉంది. హోస్టింగ్ ఏదైనా మార్చుకోవచ్చు, డొమైన్ చేతిలో లేకపోతే ఎక్కడికీ కదల్లేం అని చెప్పాను. సోమవారం ఆ అబ్బాయి దగ్గర కూర్చుని తన పేరు మీదకి మార్పించుకుంటానన్నారు.