మోరోవరా, ఆల్సోనా, అసలేమీ వద్దా? ఇంగ్లీషు వాక్యాలు కలపడానికి ఏది మేలు?

మా పిన్ని కొడుకు ఐఈఎల్‌టీఎస్ రాయబోతున్నాడు, విదేశాలకు వెళ్ళాలనుకునేవాళ్ళు రాసే ఇంగ్లీషు పరీక్ష అది. మొన్న రాత్రి వాట్సాప్‌లో ఒక ఎస్సే ఫొటో పెట్టి "అక్కా, ఒకసారి చూడవా, లింకింగ్ వర్డ్స్ అన్నీ పడ్డాయి" అన్నాడు. లింకింగ్ వర్డ్స్ అంటే వాక్యాల్ని కలిపే మాటలు, నిజంగానే అన్నీ పడ్డాయి. పల్లెల నుంచి జనం సిటీలకు ఎందుకు పోతున్నారన్నది టాపిక్, రెండో పేరా ఇలా ఉంది: "ఫస్ట్ అండ్ ఫోర్‌మోస్ట్, సిటీస్ హ్యావ్ జాబ్స్. మోరోవర్, దే హ్యావ్ హాస్పిటల్స్. ఫర్దర్‌మోర్, దే హ్యావ్ కాలేజెస్. ఇన్ అడిషన్, దే హ్యావ్ ట్రాఫిక్."

ఆ చివరిది చూసి నవ్వాగలేదు. ఉద్యోగాలున్నాయి, ఆసుపత్రులున్నాయి, కాలేజీలున్నాయి, ఇవన్నీ చాలవన్నట్టు ట్రాఫిక్ అనే మహాభాగ్యం కూడా దక్కిందన్నట్టుంది. వాడు చెప్పాలనుకున్నది "కాకపోతే ట్రాఫిక్ ఒకటుంది" అని. చేతికి దొరికింది మాత్రం "ఇన్ అడిషన్".

వాడిని అనేదేం లేదు. కోచింగ్‌లో ఒక జిరాక్స్ కాగితం ఇచ్చారట. యాడ్ చేయడానికి ఒక గడిలో పది మాటలు, కాంట్రాస్ట్‌కి ఇంకో గడిలో పది, ఒకే గడిలో ఉన్నాయి కదా అని ఏది తీసి ఎక్కడ పెట్టినా ఒకటేననుకుంటాడు చదివేవాడు. నా కాలంలోనూ అదే కాగితం, జిరాక్స్ ఇంకాస్త మసకగా ఉండేది, అంతే.

సరే, మన ముందున్నవి మూడు దారులు. ఒకటి ఈ కాగితం దారి, మోరోవర్, ఫర్దర్‌మోర్, నెవర్దలెస్ వగైరా. రెండోది మామూలు మాటలు, బట్, సో, ఆల్సో, బికాజ్. మూడోది ఏ మాటా పెట్టకుండా వాక్యాన్ని వాక్యమే లాక్కెళ్ళేలా రాయడం.

ముందు మూడోదాని సంగతి, ఎందుకంటే దాన్ని ఎవరూ నేర్పరు. వాడి పేరానే ఇలా మార్చి పంపాను: "సిటీస్ ఆఫర్ జాబ్స్, హాస్పిటల్స్ అండ్ కాలేజెస్. ద ప్రైస్ ఈజ్ ట్రాఫిక్." నాలుగు వాక్యాలు రెండయ్యాయి, లింకింగ్ వర్డ్ ఒక్కటి లేదు, అయినా మలుపు ఎక్కడుందో తెలుస్తోంది, ఆ పనంతా "ప్రైస్" అనే నామవాచకం చేసేసింది. ఇలాగే "దిస్ షిఫ్ట్", "సచ్ ఫ్యామిలీస్" అని వెనక వాక్యంలోని సంగతిని పట్టుకొని ముందుకు పోయినా చాలు.

వెంటనే ఫోన్ చేశాడు. "మరి మార్కులు పోవా అక్కా?" వాడి టెన్షన్ వాడిది. పోవు. ఈ ఎస్సే రాసే టాస్క్ 2కి 40 నిమిషాలు, కనీసం 250 పదాలు, నాలుగు అంశాలకు సమానంగా మార్కులు, అందులో ఒకటి ఈ పొందిక సంగతే. మార్కుల్ని అక్కడ బ్యాండ్లంటారు, 9 అన్నిటికన్నా పైది, ఏ బ్యాండ్‌కి రాత ఎలా ఉండాలో చెప్పే వివరణలు ఎవరైనా చదువుకోవచ్చు. 5 బ్యాండ్ దగ్గర ఈ మాటల్ని అతిగా వాడటాన్ని లోపంగానే రాశారు, 6 దగ్గర అతుకు యాంత్రికంగా ఉండొచ్చని రాశారు, 9 దగ్గరికొచ్చేసరికి ఆ అతుకు మీదకు దృష్టే దాదాపు పోకూడదంటారు. అంటే మా వాడు కష్టపడి కుట్టిన కుట్లన్నీ పైకి కనిపిస్తున్నాయి, ఇబ్బంది అదే.

అలాగని అన్నీ పీకేసినా కుదరదు. "షి వాజ్ టైర్డ్. షి ఫినిష్డ్ ద రిపోర్ట్." అలసిపోయింది కాబట్టి ఎలాగో ముగించేసిందా, అలసిపోయినా పూర్తి చేసిందా? రెండోదే చెప్పాలంటే ఇక్కడ "బట్" ఉండాల్సిందే. అర్థం రెండు వైపులా పోయే చోట మాట పెట్టాలి, ఒకే వైపు పోతుంటే వదిలేయచ్చు, నేను పాటించే లెక్క ఇంతే.

ఇప్పుడు "బట్", "హౌఎవర్" పక్కపక్కన పెట్టి చూద్దాం, ఎందుకంటే జనం ఒకదానికి ఇంకోటి డ్రెస్ మార్చిన రూపం అనుకుంటారు. అర్థం దగ్గరదే గానీ వ్యాకరణం వేరు. "ఐ కాల్డ్ హిమ్, బట్ హి డిడ్ నాట్ ఆన్సర్" సరైనది. అక్కడే బట్ తీసేసి "హౌఎవర్" పెట్టి రెండు వైపులా కామాలు కొడితే తప్పు, దాని ముందు ఫుల్‌స్టాప్ గానీ సెమీకోలన్ గానీ పడాలి. ఈ ఒక్క తప్పు ఎన్ని ఆఫీసు మెయిళ్ళలో చూశానో చెప్పలేను. సెమీకోలన్ అంటే భయపడేవాళ్ళు హాయిగా బట్‌తో కానిచ్చేయండి, మెయిల్లో బట్ రాస్తే ఎవరి పరువూ పోదు.

"డిస్పైట్", "ఆల్దో" కూడా కాగితంలో ఒకే గడిలోనే ఉంటాయి. ఆల్దో తర్వాత పూర్తి వాక్యం వస్తుంది, "ఆల్దో ఇట్ రెయిన్డ్". డిస్పైట్ తర్వాత అలా రాదు, నామవాచకమో -ing రూపమో రావాలి, "డిస్పైట్ ద రెయిన్". "డిస్పైట్ ఆఫ్" అనేది అసలు లేదు, అది "ఇన్ స్పైట్ ఆఫ్" దగ్గర్నుంచి అరువొచ్చిన ఆఫ్.

వీటికన్నా చిత్రమైనది "ఆన్ ద కాంట్రరీ". "హైదరాబాద్ ఈజ్ హాట్. ఆన్ ద కాంట్రరీ, ఊటీ ఈజ్ కూల్" అని రాస్తారు. అక్కడ రెండు ఊళ్ళను పోలుస్తున్నారు కాబట్టి "బై కాంట్రాస్ట్" కావాలి. కాంట్రరీ పని వేరు, ముందన్న మాటను కొట్టిపారేయడం. "ఇట్ ఈజ్ నాట్ చీప్. ఆన్ ద కాంట్రరీ, ఇట్ ఈజ్ ద కాస్ట్లియెస్ట్ షాప్ ఇన్ టౌన్." మనం "చవకా? భలేవాడివే!" అంటామే, ఆ భలేవాడివే అనే చోట అది కూర్చుంటుంది.

మన తప్పుల్లో సగం తెలుగులోంచే నడిచొస్తాయని నా అనుమానం. "ఎంత చదివినా గానీ మార్కులు రాలేదు" అంటాం. "చదివినా"లోనే సంగతి అయిపోయింది, పైన ఇంకో "గానీ" తగిలిస్తాం, తెలుగులో అది చెవికి ఇంపుగానే ఉంటుంది. ఇంగ్లీషులో అదే "ఆల్దో ఐ స్టడీడ్, బట్ ఐ ఫెయిల్డ్" అయి కూర్చుంటుంది, అక్కడ రెండిట్లో ఒకటే ఉండాలి. "ఎందుకంటే వాన పడుతోంది కాబట్టి రాలేదు" కూడా అంతే, "బికాజ్ ఇట్ వాజ్ రెయినింగ్, సో ఐ డిడ్ నాట్ కమ్" అయిపోతుంది. నిజానికి మన భాషలో ఈ అతుకు క్రియలోనే ఉంటుంది, వచ్చి, వస్తే, వచ్చినా అంటే చాలు, ప్రతిసారీ విడిగా ఒక మాట వెతుక్కునే అలవాటు మనకు తక్కువ.

ఇంటర్వ్యూల్లో వినిపించే "కమింగ్ టు మై ఫ్యామిలీ" కూడా "మా కుటుంబం విషయానికి వస్తే"నే. మాటల్లో ఒకసారి అంటే ఎవరూ పట్టించుకోరు. నిమిషంలో "కమింగ్ టు మై ఎడ్యుకేషన్, కమింగ్ టు మై హాబీస్" అని మూడుసార్లు వస్తే మాత్రం ఎదుటివాడు లెక్కపెట్టడం మొదలుపెడతాడు. తిన్నగా "మై ఫాదర్ ఈజ్ ఎ ఫార్మర్" అనేయడమే నయం.

మరి మోరోవర్ ఎప్పుడూ వద్దా? ఒక వాదన నడుపుతూ ముందు చెప్పిన దానికి అదే దిశలో ఇంకో బలమైన కారణం కలిపేటప్పుడు బాగుంటుంది. అద్దె ఎక్కువ, మోరోవర్ ఓనర్ ఎప్పుడు ఖాళీ చేయమంటాడో తెలీదు, అక్కడ నప్పుతుంది. చాంతాడంత పేరాలో ఒక వైపు వాదించి వెనక్కి తిరగాల్సి వస్తే నెవర్దలెస్ కూడా పనికొస్తుంది. ఎస్సేకి ఒకటో రెండో, ఊరగాయ వేసుకున్నట్టు. మెయిల్లో నేనైతే అసలు వాడను.

కాబట్టి నా వరుస ఇది: అర్థం దానంతటది తెలిస్తే ఏమీ వద్దు, తెలియకపోతే బట్టో సోనో, అదీ చాలని చోట కాగితం మాట. మా వాడు రెండు రోజులకు మళ్ళీ రాసి పంపాడు. పద్నాలుగు లింకింగ్ వర్డ్స్ నాలుగయ్యాయి, ట్రాఫిక్ ముందు బట్ వచ్చింది. చివరి పేరా మొదట్లో మాత్రం "ఇన్ కన్‌క్లూజన్" అలాగే ఉంది. "ఆ ఒక్కటీ ఉండనీ అక్కా" అన్నాడు. ఉండనిచ్చాను.