బీఈడీ కాలేజీ రివ్యూ: క్లాసులు యావరేజ్, ఇంటర్న్‌షిప్ సూపర్

వరంగల్ దగ్గర ఓ ప్రైవేట్ కాలేజీలో బీఈడీ సెకండియర్ చేస్తున్న, పేరు చెప్పను గానీ చేరేటోళ్లకు పనికొస్తదని రాస్తున్న. బీఈడీ ఎంట్రన్స్ ఎడ్‌సెట్ మరీ అంత టఫ్ ఏం కాదు, 150 ప్రశ్నలు, 2 గంటలు, అసలు తలనొప్పి ఆన్‌లైన్ల కాలేజీలు ఎంచుకునే వెబ్ ఆప్షన్లప్పుడే. కాలేజీ సైట్‌లో ఫొటోలు చూసి పెట్టకండి, ఒకసారి పోయి సీనియర్లను అడగండి, స్టాఫ్ నిజంగా ఉన్నరా, క్లాసులు అయితున్నయా అని.

మా దగ్గర సైకాలజీ మేడమ్ మాత్రం సూపర్, ఆమె క్లాస్ ఎవ్వరూ బంక్ కొట్టరు, మిగతావి నోట్స్ చదువుడే, ఇక లెసన్ ప్లాన్ రికార్డులు రాసి రాసి చెయ్యి పడిపోతది, డబ్బులిచ్చి రాయించుకునేటోళ్లు కూడా ఉన్నరు (అదేం చదువో మరి). రికార్డు ఫీజు, ఎగ్జామ్ ఫీజు అని మధ్యమధ్యల వేరేగా గుంజుతరు, రసీదు అడిగితే రేపు రా అంటరు.

ఇంటర్న్‌షిప్‌కు మాత్రం ఫుల్ మార్కులు. జడ్పీ హైస్కూల్ల ఎనిమిదో తరగతికి మ్యాథ్స్ చెప్పిన, బోర్డు మీద రాస్తుంటే వెనక బెంచీ గోల ఎట్ల ఆపాలో ఏ పుస్తకంల లేదు, అక్కడి సారే నేర్పిండు.

ఇంకోటి, 2023 ఆగస్టు సుప్రీంకోర్టు తీర్పు తర్వాత బీఈడీతో ఎస్జీటీ (ప్రైమరీ స్కూల్ టీచర్) పోస్టులు రావు, చిన్నపిల్లలకు చెప్పాలంటే డీఈఈసెట్ ఎంట్రన్స్ రాసి డీఎల్‌ఈడీ (ప్రైమరీ టీచర్ ట్రైనింగ్ కోర్సు) చెయ్యండి. రేటింగ్ 5కి 3.