కమ్మరి డీర్ ఇంటికి, నాన్నతో

అమ్మానాన్న చికాగో వచ్చినప్పుడల్లా ఎక్కడికి తీసుకెళ్లాలా అని మాకు టెన్షనే. గుళ్లు, మాల్స్, నయాగరా అన్నీ అయిపోయాయి. ఈసారి నాన్నే అడిగారు: "ఒరేయ్, మన ట్రాక్టర్ మీద పేరుంటుందే, ఆయన ఊరు ఇక్కడే ఎక్కడో కదా?"

జాన్ డీర్ పుట్టింది 1804లో, తూర్పున వెర్మాంట్‌లో. ఇంగ్లండ్ బయల్దేరిన తండ్రి తిరిగి రాలేదు. తల్లి పెంచింది. మిడిల్‌బరీలో నాలుగేళ్లు కమ్మరి పని నేర్చుకున్నాడు. కొలిమి పెట్టుకున్నాడు కానీ అప్పులు మీద పడ్డాయి. 1836లో కడుపుతో ఉన్న భార్య డెమారియస్‌ని, పిల్లల్ని అక్కడే వదిలి, పడమటికి ఇల్లినాయ్ వచ్చేశాడు. ఆగిన చోటు గ్రాండ్ డిటూర్.

మా నేపర్‌విల్ నుంచి రెండు గంటల లోపే. రాక్ నది ఒడ్డున చిన్న పల్లె, పులిహోర కట్టుకెళ్లడం మంచిదైంది. డీర్ కట్టుకున్న ఇల్లు ఇంకా ఉంది. గదులు చూసి అమ్మ ఒకటే మాట: "ఇంతమంది పిల్లల్ని వేసుకుని ఇందులోనా!" రెండో కొడుకు చార్లెస్ 1837లో, తండ్రి ఇక్కడ ఉండగా వెర్మాంట్‌లో పుట్టాడు. తర్వాత తల్లి పిల్లలందరినీ తీసుకుని ఇక్కడికి చేరింది. మొత్తం తొమ్మిదిమంది సంతానం. ఆ ప్రయాణం గురించి ఇంకాస్త చెప్తారేమో అనుకున్నా. గైడ్ ఓపిగ్గా మాట్లాడినా, మాటంతా నాగలి మీదే.

అసలు కొలిమి ఉన్న చోటు 1962 తవ్వకాల్లో బయటపడింది. ఆ నేలను అలాగే ఉంచి పైన కప్పు వేశారు. పక్కన మళ్లీ కట్టిన కొలిమిలో ఒకాయన ఇనుము కాల్చి కొక్కెం చేసి చూపించాడు. నాన్న అక్కణ్నుంచి కదిలితేగా! కర్రు మొద్దుబారితే మా ఊరి కొలిమికి తీసుకెళ్లి సాగగొట్టించుకున్న రోజులు ఆయనవి. ఎర్రగా కాలిన కడ్డీ మీద సుత్తి పడ్డప్పుడల్లా తల ఊపుతూ, "కాక చాల్లేదు, ఇంకాస్త కాలాలి" అని తెలుగులోనే సలహా ఇచ్చారు.

ఇక్కడి ప్రెయిరీ (గడ్డి మైదానాల) మట్టి మా పల్నాడు నల్లరేగడికి చుట్టమే. తడిస్తే వదలదు. తూర్పు నుంచి తెచ్చిన పోత ఇనుము నాగళ్లకి అంటుకుంటే రైతు నాలుగడుగులకోసారి ఆగి గీక్కోవాల్సి వచ్చేది. 1837లో డీర్ విరిగిన రంపం ఉక్కుతో నున్నటి నాగలి చేశాడు, మట్టి దానంతటదే జారిపోయింది. ఉక్కు నాగలి మొదట చేసింది ఆయనేం కాదు. జాన్ లేన్ అనే ఇంకో కమ్మరి 1833లోనే చేశాడు. డీర్ గొప్పతనం అమ్ముకోవడంలో ఉంది.

1848లో మిసిసిపీ నది పక్కన ఉన్న మొలీన్ ఊరికి మారాడు. మేమూ సాయంత్రానికి అక్కడికే. రివర్ వ్యూ అని డబ్బు కడితే, హోటల్ కిటికీలోంచి కనిపించింది పార్కింగ్. ఏసీ రాత్రంతా గురక. నన్నడిగితే రాత్రి ఉండకుండా వచ్చేయొచ్చు. ఆయన పెట్టిన జాన్ డీర్ కంపెనీ వాళ్ల పెవిలియన్ (ప్రదర్శనశాల) మాత్రం పిల్లలకి పండగ. ఇంత లావు కంబైన్లు (కోత మిషన్లు) ఎక్కి కూర్చోవచ్చు. నాకది ఖరీదైన షోరూంలా అనిపించింది. చార్లెస్ కుటుంబం ఇళ్లు చూస్తే ఆ ఇరుకు గదుల ఇల్లు గుర్తొచ్చి నవ్వొస్తుంది. వ్యాపారాన్ని ఇరవయ్యొక్క ఏళ్లకే చేతిలోకి తీసుకుని చివరిదాకా నడిపింది ఆ చార్లెసే.

డెమారియస్ 1865లో పోయాక, డీర్ ఆమె చెల్లెలు లూసీనియాని చేసుకున్నాడు. "మన దగ్గరా అంతేగా" అంది అమ్మ, వింతేం లేనట్టు.

చివరగా రివర్‌సైడ్ శ్మశానం. 1886లో పోయిన డీర్ సమాధి ముందు నాన్న చేతులు వెనక్కి కట్టుకుని కాసేపు నిలబడ్డారు.

"అప్పుల వాళ్లకి దొరక్కుండా వచ్చినాయన," అన్నారు కారెక్కుతూ. "ఆయన బండికి మనం ఇంకా రెండు కిస్తీలు కట్టాలి."