స్నేహదేశాల నడుమ దీవి తగాదా: ఒప్పందమా, న్యాయస్థానమా, యథాతథ స్థితా – ఏది మేలు?

శత్రుదేశాల మధ్య దీవి తగాదా తలెత్తితే ఉన్న వైరానికి మరొక కారణం తోడవుతుంది, అంతే. రక్షణ సహకారం, వాణిజ్యం, రాకపోకలు సవ్యంగా సాగుతున్న రెండు దేశాల మధ్య అదే తగాదా వస్తే చెడిపోయేది దశాబ్దాలుగా పెంచుకున్న సఖ్యత. మంచినీళ్లయినా దొరకని రాతిగుట్ట ఎవరిదన్న ప్రశ్న రాయబారులను వెనక్కి పిలిపిస్తుంది, ఆర్థిక ఏర్పాట్లను నీరుగారుస్తుంది, ఎన్నికల సభల్లో నినాదమై కూర్చుంటుంది. ఇటువంటి తగాదా వచ్చిన దేశాల ముందు ముఖ్యంగా మూడు దారులు ఉంటాయి. ఇరు దేశాల అధినేతలు కూర్చుని ఒప్పందం రాసుకోవచ్చు, ఇద్దరూ న్యాయస్థానానికి వెళ్లవచ్చు, లేదా ఏదీ తేల్చకుండా ఉన్నదున్నట్టు వదిలేయవచ్చు. ఈ మూడింటిలో స్నేహాన్ని నిలబెట్టేది ఏదన్నదే ఇక్కడ విచారించవలసిన విషయం.

తిరుపతి, చిత్తూరు పాఠకులకు ఇది దూరపు ముచ్చట కాదు. 2022లో జరిగిన జిల్లాల పునర్విభజనతో సూళ్లూరుపేట, తడ ప్రాంతాలు తిరుపతి జిల్లాలో చేరాయి. వాటితోపాటు శ్రీహరికోట దీవి, పులికాట్ సరస్సులో అధిక భాగం ఈ జిల్లాకు వచ్చాయి. ఆ సరస్సులో ఆంధ్ర, తమిళనాడు మత్స్యకారులు పక్కపక్కనే వలలు వేస్తారు, హద్దు దాటారన్న మాట మీద ఘర్షణ పడిన సందర్భాలూ ఉన్నాయి. ఒకే దేశంలోని రెండు రాష్ట్రాల మధ్యనే ఇంత ఉంటే, రెండు దేశాల మధ్య గీసిన నీటిగీత ఎంత పదునుగా ఉంటుందో తడ తీరంలో పుట్టినవారికి వేరే చెప్పనక్కరలేదు.

ముందుగా ఒప్పందం దారిని చూద్దాం. మనకు అన్నింటికన్నా దగ్గరి ఉదాహరణ కచ్చతీవు. రామేశ్వరానికి ఈశాన్యాన, పాక్ జలసంధిలో ఉన్న 285 ఎకరాల దీవి అది. అక్కడ తాగునీరు లేదు, కాపురం ఉండే జనమూ లేరు. ఉన్నదల్లా సెయింట్ ఆంథోనీ చర్చి, ఏటా దాని ఉత్సవానికి రెండు తీరాల నుంచీ వచ్చే భక్తులు, జాలరులు వలలు ఆరబెట్టుకునే నేల. రామనాథపురం సేతుపతుల జమీందారీలో అది భాగమన్నది భారత్ వైపు నుంచి వినిపించిన వాదన. 1974 జూన్‌లో ఇందిరా గాంధీ, సిరిమావో బండారనాయకే సంతకాలు చేసిన ఒప్పందంలో సరిహద్దు గీత దీవికి పడమరగా పడడంతో కచ్చతీవు శ్రీలంకకు చెందింది. ప్రయాణ పత్రాలు, వీసాలు లేకుండానే భారత మత్స్యకారులు, యాత్రికులు మునుపటిలా దీవికి వెళ్లవచ్చని ఒప్పందంలోని ఐదో అధికరణం చెప్పింది. అయితే రెండేళ్లు తిరగకముందే, 1976లో ఇరు ప్రభుత్వాలు ఇచ్చిపుచ్చుకున్న లేఖలతో ఒక దేశపు పడవలు మరొక దేశపు జలాల్లో చేపలు పట్టరాదన్న నిబంధన వచ్చింది. అంటే రామేశ్వరం జాలరి దీవి మీద వల ఆరబెట్టుకోవచ్చు గానీ, దాని చుట్టూ ఉన్న నీటిలో ఆ వల వేయకూడదు. ఆనాటి ఏర్పాట్లలోనే కన్యాకుమారికి దక్షిణాన చేపలు సమృద్ధిగా దొరికే వాడ్జ్ బ్యాంక్ భారత్‌కు దక్కిన సంగతిని కూడా చెప్పడం న్యాయం. ఆ లాభం కేరళ, కన్యాకుమారి వైపుది. నష్టం మాత్రం పాక్ జలసంధి జాలరులది.

దౌత్యం లెక్కలో ఆ ఒప్పందం విఫలమైందని అనలేం. కొలంబోతో సఖ్యత అప్పట్లో బలపడింది. లోపమంతా అడగవలసినవారిని అడగకపోవడంలో ఉంది. హద్దే తేలని భూమి కనుక భూభాగాన్ని వదులుకున్నట్టు కాదన్నది కేంద్రం వైఖరి, అందువల్ల రాజ్యాంగ సవరణ ప్రసక్తే రాలేదు. తమిళనాడు అభ్యంతరాలు అలాగే మిగిలిపోయాయి. 2008లో జయలలిత సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2014లో అటార్నీ జనరల్ ముకుల్ రోహత్గీ అదే కోర్టులో, దీవిని తిరిగి తీసుకోవాలంటే యుద్ధం చేయవలసి వస్తుందన్న అర్థంలో చెప్పారు. 2024 లోక్‌సభ ఎన్నికల్లో కచ్చతీవు ప్రచారాంశమైంది, 2025 ఏప్రిల్‌లో తమిళనాడు శాసనసభ దాన్ని వెనక్కి తీసుకోవాలని తీర్మానం చేసింది. యాభై ఏళ్ల తరువాత కూడా తగాదా దీవి మీద కన్నా, సంతకం పెట్టిన చేతి మీదే ఎక్కువగా నడుస్తోంది. నాయకులు తమంతట తాము కుదుర్చుకున్న ఒప్పందానికి ఉన్న బలహీనత ఇదే: ఎంత ఇచ్చి ఎంత తీసుకున్నా, ఇచ్చినదాని నింద ఒక మనిషి పేరు మీదే నిలుస్తుంది.

ఇదే దారిలో కెనడా, డెన్మార్క్ మాత్రం చక్కగా నడిచాయి. డెన్మార్క్ పాలనలోని గ్రీన్‌ల్యాండ్‌కూ కెనడాకు చెందిన ఎల్స్‌మీర్ దీవికీ నడుమ, నేర్స్ జలసంధిలో ఉన్న 1.3 చదరపు కిలోమీటర్ల హాన్స్ దీవి 1973 సరిహద్దు ఒప్పందంలో తేలకుండా మిగిలింది. ఇరువైపుల వారూ వంతులవారీగా వెళ్లి జెండా పాతి, అవతలివారి కోసం ఒక సారా సీసా పెట్టి వచ్చేవారు. రెండూ నాటో సభ్యదేశాలే కనుక మాట పెరగలేదు. 2022 జూన్ 14న దీవిని ఇంచుమించు సగానికి సగం పంచుకున్నారు, అక్కడి ఇన్యూట్ ఆదివాసుల వేటకూ రాకపోకలకూ అడ్డు లేకుండా చూసుకున్నారు. ఉక్రెయిన్ మీద రష్యా దాడి చేసిన కొద్ది నెలలకే, సరిహద్దులు బలంతో కాక మాటలతో తేలతాయని చూపడం కూడా వారి ఉద్దేశం. కచ్చతీవు చుట్టూ వేల కుటుంబాల బతుకుదెరువు ఉంది, హాన్స్ చుట్టూ అంత ఒత్తిడి లేదు; పైగా ఉన్న కొద్దిమంది హక్కునూ ముందే లెక్కలోకి తీసుకున్నారు. అక్కడ ఒప్పందం నిలవడానికి కారణం ఇదేనని నేను భావిస్తున్నాను.

ఇక యథాతథ స్థితి. చాలామంది దౌత్యవేత్తలు తెలివైన దారిగా మెచ్చుకునేది దీన్నే. తేల్చబోతే చెడుతుంది కనుక తేల్చకుండా ఉండడమే మేలని వారి వాదన. దక్షిణ కొరియా, జపాన్ 1965లో సంబంధాలను పునరుద్ధరించుకున్నప్పుడు చేసింది అదే. కొరియన్లు డోక్డో అనీ, జపనీయులు తకెషిమా అనీ పిలిచే ఆ రాతి దీవుల మొత్తం విస్తీర్ణం 0.2 చదరపు కిలోమీటర్ల లోపే. జపాన్ 1905లో వాటిని షిమానే ప్రాంతంలో కలుపుకుంది, 1950ల నుంచి అక్కడ కొరియా పోలీసులు కాపలా ఉంటున్నారు. న్యాయస్థానానికి వెళ్దామని జపాన్ 1954 మొదలు పలుమార్లు అడిగింది. తమ భూమి గురించి తగాదాయే లేదని కొరియా నిరాకరిస్తూ వచ్చింది.

వదిలేసిన తగాదా నిద్రపోతుందే తప్ప చావదు. 2012 ఆగస్టు 10న కొరియా అధ్యక్షుడు లీ మ్యుంగ్ బాక్ ఆ దీవిలో అడుగుపెట్టారు. అదే రోజు లండన్ ఒలింపిక్స్‌లో కాంస్య పతకం కోసం జరిగిన ఫుట్‌బాల్ పోటీలో కొరియా జపాన్‌ను ఓడించింది. ఆట ముగిశాక పార్క్ జోంగ్ వూ అనే ఆటగాడు డోక్డో తమదేనని రాసి ఉన్న అట్టను పైకెత్తి పట్టుకున్నాడు. అతని పతకాన్ని నిలిపివేశారు, మరుసటి ఏడాది గానీ ఇవ్వలేదు. జపాన్ తన రాయబారిని వెనక్కి పిలిచింది. అవసరంలో ఒకరికొకరు కరెన్సీ ఇచ్చుకునేందుకు రెండు దేశాల మధ్య పెంచి ఉంచిన ఏర్పాటును ఆ అక్టోబరులో పొడిగించలేదు. రెండూ అమెరికా మిత్రదేశాలు, రెండింటికీ ఉత్తర కొరియా నుంచి ముప్పు ఉంది. అయినా ఒక నాయకుడి ఒక్క ప్రయాణం ఇంత చేయగలిగింది. 1996 జనవరిలో గ్రీస్, టర్కీలు, అవి కూడా నాటో మిత్రులే, ఏజియన్ సముద్రంలో మేకలు మాత్రమే తిరిగే ఇమియా గుట్టల కోసం యుద్ధం అంచుకు వెళ్లాయి. హెలికాప్టర్ కూలి ముగ్గురు గ్రీకు అధికారులు చనిపోయారు. అమెరికా రాత్రికి రాత్రి జోక్యం చేసుకుని ఇద్దరినీ వెనక్కి తగ్గించవలసి వచ్చింది. యథాతథ స్థితి నిలవాలంటే రెండు వైపులా, అన్ని కాలాల్లోనూ నిగ్రహం ఉన్న నాయకులే ఉండాలి. అంత భరోసా ఏ దేశంలోనూ లేదు.

మూడోది న్యాయస్థానం. ఇక్కడ మన తెలుగువారికి ప్రత్యేకమైన ఆసక్తి కలగాలి. సింగపూర్ జలసంధి తూర్పు ముఖద్వారంలో ఉన్న పెడ్రా బ్రాంకా అనే రాయి మీద 1851లో కట్టిన హార్స్‌బర్గ్ దీపస్తంభం ఉంది. 1979లో మలేసియా ఒక పటం ప్రచురించి అది తమదని చూపింది, మరుసటి ఏడాది సింగపూర్ నిరసన తెలిపింది. ఇరు దేశాలూ ఏళ్లపాటు మాట్లాడుకుని, చివరకు 2003లో ప్రత్యేక ఒప్పందం రాసుకుని, కలిసే హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానానికి వెళ్లాయి. ఆ ఒక్క కేసు కోసం సింగపూర్ ఎంపిక చేసిన తాత్కాలిక న్యాయమూర్తి మన తెలుగువారైన పెమ్మరాజు శ్రీనివాసరావు. మొదట ఆ రాయి ఇప్పుడు మలేసియాలో భాగమైన జోహోర్ సుల్తానుదేనని కోర్టు ఒప్పుకుంది. అయితే 1953లో జోహోర్ రాజ్యం తరఫున రాసిన ఒక జవాబులో ఆ రాతి మీద తాము యాజమాన్యం కోరడం లేదని ఉండడం, ఆ తరువాత సింగపూర్ అక్కడ యజమానిలా వ్యవహరిస్తున్నా అవతలివారు మౌనంగా ఉండడం తీర్పును మలుపు తిప్పాయి. 2008 మే 23న పన్నెండు మంది అనుకూలంగా, నలుగురు వ్యతిరేకంగా ఓటు వేయగా పెడ్రా బ్రాంకా సింగపూర్‌కు దక్కింది; పక్కనున్న మిడిల్ రాక్స్ మలేసియాకు దక్కాయి.

ఆ రాయి కోసం ఇరు దేశాల సంబంధాలు తెగలేదు, జలసంధిలో నౌకల రాకపోకలూ ఆగలేదు. 2017లో మలేసియా పునఃపరిశీలన కోరింది, 2018లో ఆ దరఖాస్తును ఉపసంహరించుకుంది. ఉపసంహరించుకున్న తీరుపై మలేసియాలో రాయల్ కమిషన్ విచారణ జరిగి, 2024 చివర్లో నాటి ప్రధాని మహతీర్ మొహమ్మద్‌ను తప్పుపట్టింది. ఇక్కడ ఒక సంగతి గమనించాలి. ఆ రగడ మలేసియాలోని వారి మధ్య జరిగింది, సింగపూర్‌తో కాదు. ఓడిన దేశపు నాయకుడు ఇంట్లోవారికి ‘నేను ఇవ్వలేదు, న్యాయస్థానం చెప్పింది’ అని చెప్పుకోగలడు. స్నేహం మీద పడే దెబ్బను ఆ ఒక్క మాట చాలావరకు కాచుకుంటుంది.

బంగాళాఖాతంలో మన అనుభవమూ దీన్నే బలపరుస్తుంది. 1970 పెనుతుపాను తరువాత హరియాభంగా నది ముఖద్వారంలో ఒక దీవి తేలింది. భారత్ దాన్ని న్యూ మూర్ అంది, బంగ్లాదేశ్ దక్షిణ తల్పట్టి అంది. 1981లో మన నౌక వెళ్లి జెండా పాతితే ఢాకాలో ఆందోళన రేగింది. 2010 నాటికి ఆ దీవి సముద్రంలో మునిగిపోయినట్టు పరిశోధకులు తేల్చారు. దీవి పోయినా హద్దు తగాదా పోలేదు. 2014 జులై 7న మధ్యవర్తిత్వ ట్రిబ్యునల్ తగాదాలో ఉన్న 25,602 చదరపు కిలోమీటర్లలో 19,467 బంగ్లాదేశ్‌కు ఇచ్చింది. ఆ ట్రిబ్యునల్‌లోనూ పెమ్మరాజు శ్రీనివాసరావు సభ్యులు, కొన్ని అంశాల్లో మిగతావారితో విభేదించి వేరుగా అభిప్రాయం రాశారు. అంత నీరు పోయినా ఢిల్లీ తీర్పును అంగీకరించింది. మరుసటి ఏడాదే రెండు దేశాలూ భూసరిహద్దులోని చిక్కుపడ్డ గ్రామాలను మార్చుకున్నాయి. ఢిల్లీకి అయిష్టమైన తీర్పు వచ్చిన మరుసటి ఏడాదే ఇంత పని కలిసి చేయగలిగాయంటే, న్యాయస్థానం దారికి అంతకు మించిన సాక్ష్యం అక్కర్లేదు.

అయితే న్యాయస్థానం ఇచ్చేది యాజమాన్యం మాత్రమే. ఇండోనేసియా, మలేసియా రెండూ తమవన్న సిపదాన్, లిగితాన్ దీవులను 2002లో మలేసియాకు ఇచ్చినప్పుడు కోర్టు చూసిన ఆధారాల్లో బ్రిటిష్ హయాంలో తాబేలు గుడ్ల సేకరణను నియంత్రించిన 1917 నాటి శాసనం ఒకటి. దీవుల సంగతి తేలింది గానీ, పక్కనే ఉన్న అంబలాత్ జలాల మీద 2005లో ఇండోనేసియా, మలేసియా నౌకలు ఎదురెదురుగా మోహరించాయి. జాలరి వల ఎక్కడ పడాలి, చమురు ఎవరు తోడాలి అన్నవి ముందే మాట్లాడుకోకపోతే, తీర్పు చేతికొచ్చాక కూడా తగాదా పక్క నీటిలోకి పాకుతుంది.

ఇక్కడే చిత్తూరు జిల్లా అనుభవం పనికొస్తుంది. తిరుత్తణి ఎవరిదన్న వివాదం ఆంధ్ర, మద్రాసు రాష్ట్రాలను ఏళ్ల తరబడి ఉడికించింది. హెచ్.వి. పాటస్కర్ మధ్యవర్తిగా గ్రామాన్ని యూనిట్‌గా తీసుకోవాలి, భాషను, భూమి కలిసి ఉండడాన్ని చూడాలి అన్న సూత్రాన్ని ముందు ఒప్పించి, గీత ఆ తరువాత గీశారు. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి తమిళనాడు వైపు వెళ్లింది, సత్యవేడు ప్రాంతం మనకు వచ్చింది. అది ఒకే రాజ్యాంగం కింద జరిగిన పని, దేశాలకు అంత సులువు కాదు. అయినా, ఆడికృత్తికకు కావళ్లు ఎత్తుకుని చిత్తూరు పల్లెల నుంచి తిరుత్తణికి వెళ్లేవారిని ఆ గీత ఏనాడూ ఆపలేదు. హద్దు మారినా అలవాటైన రాకపోక ఆగకపోవడం వల్లే ఆ గాయం మానిందని నా నమ్మకం.

అందువల్ల నా తీర్పు ఇది. బతుకుదెరువుతో ముడిపడని దీవి అయితే హాన్స్ తరహా ఒప్పందమే మేలు, ఖర్చు తక్కువ, మర్యాద ఎక్కువ. జాలరులు ఆధారపడిన దీవి అయితే పెడ్రా బ్రాంకా తరహాలో ఇద్దరూ కలిసి న్యాయస్థానానికి వెళ్లడమే మేలు. కానీ చేపల వేట ఏర్పాటు మీద వెళ్లేముందే సంతకాలు జరగాలి. వదిలేయడాన్ని మాటలకు గడువు సంపాదించే తాత్కాలిక ఉపాయంగా తప్ప ఎంచుకోరాదు. చేపను హక్కు నుంచి విడదీయడం సాధ్యమేనని డోక్డో వివాదంలోనే రుజువైంది: 1998లో కొరియా, జపాన్ యాజమాన్యం ప్రశ్నను పక్కన పెట్టి, రెండు దేశాల పడవలూ చేపలు పట్టే మధ్యస్థ జలాలను గుర్తించాయి.

కచ్చతీవు విషయంలో 1974ను తిరగదోడడం ఇప్పుడు సాధ్యం కాదు, కొలంబోతో స్నేహానికి మంచిదీ కాదు. సాధ్యమైనది నీటి సంగతి. శ్రీలంక 2017లో అడుగుభాగాన్ని ఊడ్చే ట్రాలర్ వలలను నిషేధించింది. అక్కడి ఉత్తర తీరపు తమిళ జాలరుల ఫిర్యాదు కూడా ఆ మర పడవల మీదే గానీ, రామేశ్వరం మనుషుల మీద కాదు. రెండు ప్రభుత్వాలూ 2016లో ఏర్పాటు చేసుకున్న మత్స్య సంయుక్త కార్యవర్గంలో ఇరు తీరాల జాలరి సంఘాలను కూర్చోబెట్టి, ట్రాలర్లు ఆపడానికి గడువునూ, చిన్న పడవలకు వంతుల రోజులనూ రాతపూర్వకంగా తేల్చుకోవడం ముందుగా జరగవలసిన పని.