వైర్‌గార్డ్‌తో నాలుగేళ్లు: తప్పంతా గడియారానిది

తిరుపతిలో మా ఇంటికీ, చిత్తూరులో మా బావ బెల్లం మండీకీ మధ్య వైర్‌గార్డ్ టన్నెల్ పెట్టి నాలుగేళ్లు దాటింది. అంటే రెండుచోట్లి కంప్యూటర్లనూ ఇంటర్నెట్ మీదుగా రహస్యంగా కలిపే వీపీఎన్ దారి. దీంట్లో నాకు బాగా నచ్చింది దీని మౌనం. ఒకరి పబ్లిక్ కీ (అవతలివాళ్లు మనల్ని గుర్తుపట్టే తాళంచెవి లాంటిది) మరొకరి దగ్గర ఉంటుంది, 44 అక్షరాలు, అంతే. ఆ కీతో రుజువు కాని ప్యాకెట్ (నెట్‌లో వచ్చే డేటా ముక్క) వస్తే కాదనదు, పొమ్మనదు, అసలు పలకదు. పోర్టులు తడిమి చూసేవాడికి ఇక్కడ తలుపుందనే తెలీదు. ఇలాంటి పనే చేసే ఓపెన్‌వీపీఎన్‌లో సర్టిఫికెట్ గడువు చూసుకోక ఒక ఆదివారమంతా పోగొట్టుకున్నవాణ్ణి కదా, మొదటి ఏడాది కనబడినవాళ్లందరికీ దీని గురించే చెప్పా.

రెండో వేసవిలో ఆ మౌనమే నన్ను ఏడిపించింది. మామిడికాయల కాలం. సాయంత్రమైతే గాలి లేచి మండీలో కరెంటు పోయేది. తిరిగొచ్చాక అక్కడ టన్నెల్ నడిపే రాస్‌ప్‌బెర్రీ పై అనే బుల్లి కంప్యూటర్ లేచేది గానీ టన్నెల్ లేచేది కాదు. "ఏమబ్బా, బిల్లులు రాలేదే" అని బావ ఫోను. లాగ్‌లో ఒక్క ముక్క ఉండదు. ఇంట్లో సర్వర్ రీస్టార్ట్ చేస్తే కలిసేది కాబట్టి తప్పు ఇంటివైపే అనుకుని రౌటర్ కూడా మార్చేశా. ఒక్కోసారి ముట్టుకోకపోయినా ముప్పావుగంటకు దానంతటదే కలిసేది. అది ఇంకా టెన్షన్.

తీరా చూస్తే, ఆ రాస్‌ప్‌బెర్రీ పై 4లో బ్యాటరీతో నడిచే గడియారం లేదు. గంటకోసారి టైమ్‌ను ఫైల్లో రాసుకుంటుంది. కరెంటు ఠక్కున పోయి వస్తే ఆ పాత టైమే నిజమనుకుంటుంది. వైర్‌గార్డ్ హ్యాండ్‌షేక్ (రెండు కొసలూ ఒకదాన్నొకటి గుర్తుపట్టే తొలి పలకరింపు) మొదటి ప్యాకెట్‌లో టైమ్ కూడా వెళ్తుంది. ఎవరో పాత ప్యాకెట్‌ను పట్టుకుని మళ్లీ పంపకుండా, చివరగా చూసినదానికన్నా వెనకటి టైమ్ వస్తే అవతలివైపు పారేస్తుంది, చప్పుడు లేకుండా. చివరగా చూసిన టైమ్ ఇంటి సర్వర్ మెమరీలోనే ఉంటుంది, అందుకే రీస్టార్ట్‌తో పోయేది. పోనీ ఇంటర్నెట్‌లో టైమ్ సరిచేసుకుంటుందా అంటే, మండీ ట్రాఫిక్ మొత్తం టన్నెల్‌లోంచే పోవాలని రాసిన మహానుభావుణ్ణి నేనే! టన్నెల్ లేవందే టైమ్ రాదు, టైమ్ రాందే టన్నెల్ లేవదు.

బటన్ సెల్ ఉన్న చిన్న ఆర్‌టీసీ మాడ్యూల్ (కరెంటు లేకున్నా టైమ్ నడిపే గడియారం ముక్క) తగిలించాక మళ్లీ ఆ బాధ రాలేదు.

మావి రెండే కొసలు, రెండూ నా చేతిలోనివే, కాబట్టి సరిపోయింది. మనుషులు వస్తూ పోతూ ఉండే ఆఫీసులో ఒక్కొక్కరి కీ చేత్తో ఎక్కించి తీసెయ్యాలంటే నేనైతే ఒప్పుకోను. బటన్ సెల్ ఎప్పుడు మార్చాలో క్యాలెండర్‌లో రాసిపెట్టుకున్నా.