బస్తీ ఫొటో క్లాసుకు కానన్ 1500డి సరిపోతుందా?

కానన్ ఈఓఎస్ 1500డి 2018లో వచ్చిన కెమెరా. పెళ్లి ఫొటోలు తీసేవాళ్లకు ఇప్పుడిది ఆనదు. అందుకే సెకండ్ హ్యాండ్‌లో తేలిగ్గా దొరుకుతుంది. పారిశుద్ధ్య కార్మికుల పిల్లలకో, తండా ఆడవాళ్లకో, ఎస్సీ కాలనీ యువతకో ఫొటోగ్రఫీ నేర్పాలనుకునే సంఘాల కోసం ఈ రివ్యూ. పదిమందికి రెండు కెమెరాలు చాలు.

అందరి దగ్గరా ఫోన్లు ఉండగా ఇదెందుకని అడుగుతారు. ఫోన్ చాలాసార్లు ఇంట్లో మగవాళ్లది. పైగా అందులో తీసిన ఫొటో ఆ రాత్రికే వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతుంది. మ్యాన్‌హోల్‌లోకి దిగిన మనిషి ఫొటో, ఆ మనిషిని అడక్కుండా ఊరంతా తిరిగితే అతని పని పోవచ్చు. ఈ కెమెరాలో వైఫై ఆపేస్తే ఫొటో కార్డులోనే ఉంటుంది. తీసినవాళ్లు చూపించేదాకా బయటికి రాదు. ఇంకో లాభం ప్రింటులో. దీని ఫ్రేము 3:2, అంటే 4×6 ప్రింటుకు అచ్చంగా సరిపోతుంది. ఫోన్ ఫొటో మామూలుగా 4:3 కాబట్టి ల్యాబ్‌లో పైనో కిందో కోసేస్తారు, తలలు తెగుతాయి.

అన్నిటికన్నా ముందు నేర్పాల్సింది మొహం మీద వెలుతురు. సున్నం కొట్టిన గోడ ముందు చామనఛాయ మనిషిని నిలబెట్టి ఆటోలో తీస్తే, కెమెరా ఆ తెల్లగోడ చూసి వెలుతురు తగ్గించేస్తుంది. కళ్లు, దవడ గీత, చెంప మీది ముడత, అన్నీ నలుపులో కలిసిపోతాయి. స్టూడియోవాళ్లు దాన్ని కంప్యూటర్‌లో తెల్లగా రుద్దేస్తారు. తప్పు మనిషి రంగుది కాదు, మీటరింగ్‌ది, అంటే కెమెరా వెలుతురు కొలిచే తీరుది. ఈ సంగతి మొదటి రోజే చెప్పాలి, చూపించాలి. మోడ్ డయల్ పి (ప్రోగ్రామ్) మీద పెట్టి, ఏవీ ప్లస్-మైనస్ బటన్ నొక్కి పట్టుకుని పైచక్రం తిప్పి, 0, ప్లస్ 2/3, ప్లస్ 1 దగ్గర ఒక్కో ఫొటో తీయించండి (ప్లస్ పెరిగేకొద్దీ ఫొటోలో వెలుగు పెరుగుతుంది). మూడూ పక్కపక్కన పెడితే ఇక వివరించే పనుండదు.

దీంట్లో స్పాట్ మీటరింగ్, అంటే ఒక్క చుక్కంత చోట వెలుతురు కొలవడం, లేదు, అది లోటే. ఉన్నది పార్షియల్, ఫ్రేము మధ్యలో సుమారు 10 శాతం. దగ్గరికి వెళ్లి ఆ భాగాన్ని మొహంతో నింపి, స్టార్ బటన్ నొక్కి వెలుతురు లాక్ చేసి, అప్పుడు ఫ్రేము కట్టుకోవాలి. పార్షియల్‌లో షట్టర్ సగం నొక్కితే ఫోకస్ ఆగుతుంది కానీ వెలుతురు లెక్క ఆగదు, అందుకే స్టార్ బటన్ తప్పదు. ఇలా తీసినప్పుడు నల్లని మొహం ఉన్నదానికన్నా తెల్లగా వస్తుంది. మైనస్ 1/3 నుంచి 2/3 దాకా తగ్గిస్తే అసలు రంగు దక్కుతుంది.

వెనక తెర కదలదు, టచ్ పనిచేయదు. ఫోన్ అలవాటుతో లైవ్ వ్యూ పెట్టి, అంటే వెనక తెరలో చూస్తూ తీస్తే ఫోకస్ నత్తనడక నడుస్తుంది, ఫొటో మసక. బ్యాటరీ కూడా వ్యూఫైండర్‌తో (కన్ను ఆనించి చూసే కిటికీతో) 500 ఫొటోలకు వచ్చేది లైవ్ వ్యూలో సగానికి పడిపోతుంది. కరెంటు కోతలున్న చోట కెమెరాకు రెండు ఎల్‌పీ-ఈ10 బ్యాటరీలు ఉండాల్సిందే. వ్యూఫైండర్‌లో మసకగా ఉందని నలభై దాటినవాళ్లు అంటే, దాని పక్కనున్న చిన్న చక్రం తిప్పి చూపుకు సరిచేయండి. చాలామంది ట్రైనర్లు ఇది మర్చిపోతారు, ఆ అమ్మ తనకు కెమెరా రాదనుకుని వెనక్కి తగ్గుతుంది.

తెర కదలకపోవడంలో ఒక మేలుంది. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత మహిళలు వీడియో నేర్చుకుంటూ, పైనుంచి కిందికి చూసే షాట్‌కు పటేల్ షాట్ అని, కళ్లకు కళ్లు సమానంగా ఉండేదానికి సంఘం షాట్ అని పేర్లు పెట్టుకున్నారు. ఏ పుస్తకమూ యాంగిల్ గురించి ఇంత సూటిగా చెప్పలేదు. 1500డితో, నేలమీద కూర్చుని బీడీలు చుట్టే ఆమెను సంఘం షాట్‌లో తీయాలంటే తీసేవాళ్లూ నేలమీద కూర్చోవాల్సిందే. అది ఈ క్లాసుకు కావాల్సిన అలవాటు.

ఇబ్బందులు కొన్ని పదేపదే వస్తాయి. సంచిలో మోడ్ డయల్ దానంతటదే తిరిగి ఎం (అన్నీ మనమే పెట్టుకోవాల్సిన మాన్యువల్) మీదికి పోతుంది, ఫొటోలన్నీ నల్లగానో తెల్లగానో పడతాయి. లెన్స్ మీది మీట ఏఎఫ్ (కెమెరానే ఫోకస్ చేయడం) నుంచి ఎంఎఫ్‌కు (చేత్తో ఫోకస్ చేయడం) జారుతుంది, అన్నీ మసక. ఫోకస్ పాయింట్ ఆటోలో ఉంటే మొహాన్ని వదిలేసి ముందున్న బట్టల తాడును పట్టుకుంటుంది. ఫోకస్ పాయింట్ బటన్ నొక్కి, తర్వాత సెట్ నొక్కితే మధ్య పాయింట్ ఒక్కటే మిగులుతుంది. లోపల ఫొటో పడే సెన్సర్ దానంతటది దుమ్ము దులుపుకోదు, కాబట్టి క్వారీ దగ్గరా మిర్చి కల్లాల్లోనూ లెన్స్ విప్పవద్దు. మెనూలో తెలుగు లేదు. గుర్తులు గీసిన అట్ట ఒకటి గోడకు తగిలించండి. డయల్ మీది టీవీ అంటే టెలివిజన్ కాదని, షట్టర్ వేగమని అందులోనే రాయండి.

కిట్‌తో వచ్చే 18-55 లెన్స్ చాలు. డబ్బుంటే 24 ఎంఎం పాన్‌కేక్ (పలచటి లెన్స్) కొనండి, జూమ్ ఉండదు కాబట్టి దగ్గరికి నడుస్తారు, దగ్గరికి వెళ్తే అడిగి తీస్తారు. సెకండ్ హ్యాండ్‌లో కొనేముందు లెన్స్ రంధ్రం బాగా చిన్నదయ్యే ఎఫ్ 16 దగ్గర తెల్లగోడను తీసి, సెన్సర్ మీద దుమ్ము చుక్కలున్నాయేమో చూడండి.

ఫొటోలను అందరూ కలిసి చూడటానికి ఆ చిన్న తెర సరిపోదు. మినీ హెచ్‌డీఎంఐ కేబుల్‌తో టీవీకి కలపండి. ఈ ఫొటో ఎవరికి చూపించొచ్చో అందులో ఉన్న మనిషినే పిలిచి అక్కడే తేల్చుకోండి. ప్రజావాణి అర్జీకి జతచేసేవి ఉంటే, కెమెరా ఫొటో మీద తేదీ ముద్రించదు, జీపీఎస్ లేదు. తేదీ, చోటు ప్రింటు వెనక పెన్నుతో రాయాలి. ప్రతి ఫొటోకు రెండు ప్రింట్లు తీయించండి: ఒకటి అర్జీకి, ఒకటి అందులో ఉన్న మనిషికి.